హాలెండు వెళ్ళిన కడియం మొక్కలు

కడియంలో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే గుమ్మళ్ళవారు ఇంకొకరి పేరు చెప్పరు. చెబుదామన్నా వాళ్ళకి ఇంకొకరి పేరు గుర్తు రాదు.

"మాది మాట మీద నిలబడే వంశం," అంటాడు ఇంటి పెద్ద వీర్రాఘవులు, నర్సరీ గేటు పక్కన బల్ల మీద కూచుని మీసం సవరించుకుంటూ. "ఊళ్ళోవాళ్ళు మాట విని వదిలేస్తారు. మేం విన్నది విన్నట్టు చేస్తాం. అదీ తేడా."

నిజమే, తేడా చాలా ఉంది. నర్సరీకి వచ్చినవాళ్ళు పూలు తుంచేస్తున్నారని ఆయనే ఓ బోర్డు రాయించాడు, "ఇచ్చట పూలు కోయరాదు" అని. మర్నాడు పొద్దున్నే బుట్ట పట్టుకుని మల్లెతోటలోకి వెళ్ళబోతూ ఆ బోర్డు చూశాడు. ఆగిపోయాడు. రాయించినవాడే తప్పితే ఇంక లోకం ఏమైపోవాలి? అంతే. పెళ్ళిళ్ళ రోజుల్లో తోటలో మల్లెలన్నీ విచ్చుకున్నవి విచ్చుకున్నట్టే రాలిపోయాయి. పక్క నర్సరీ పాపాయమ్మ తన పూలు బుట్టలకెత్తి పంపుకుంటూ, రోజూ గోడ మీంచి ఆ బోర్డుకి దణ్ణం పెట్టేది.

ఆయన భార్య అనసూయ తక్కువ తిన్నదేం కాదు. టీవీలో వంటలావిడ "చిన్న విరామం, మీరెక్కడికీ వెళ్ళకండి" అంది. అనసూయ వెళ్ళలేదు. అంతలో కరెంటు పోయింది. పొయ్యి మీద పప్పు మాడింది, గిన్నె మాడింది, గిన్నె అడుగు ఊడి పొయ్యిలో పడింది. అనసూయ కదిలితే ఒట్టు. సాయంత్రం కరెంటు వచ్చేసరికి తెర మీద ఎవరో వార్తలు చదువుతున్నాడు. "పాపం, మాట తప్పింది ఆవిడే. నేను కాదు," అని పొంగిపోయింది.

ఈ తెలివంతటికీ ఊట వీర్రాఘవులు తల్లి సూరాయమ్మ. ఆ ఊట చివర్న పుట్టిన మనవరాలు సుభాషిణి. ఇరవై ఏళ్ళది, తోటల చదువు చదివే కాలేజీలో మూడో ఏడు. ఆ పిల్లకి కాత్యాయని అని ఓ స్నేహితురాలుంది. ఒకే బెంచీ, ఒకే టిఫిన్ డబ్బా. తేడా ఒక్కటే. సుభాషిణి నోటితో చెప్పిందల్లా నమ్ముతుంది. కాత్యాయని కాగితం మీద రాసుంటేనే నమ్ముతుంది. పరీక్షల్లో ఇద్దరూ పుస్తకం అక్షరం పొల్లు పోకుండా దించేవాళ్ళు, "పక్క పేజీలోని పటము చూడుము" అన్న ముక్కతో సహా. దిద్దేవాళ్ళు పక్క పేజీ తిప్పి చూసి, పటం కనపడక, తమ కళ్ళ మీదే అనుమానమొచ్చి మార్కులు వేసేసేవారు. అలా కాలేజీకి మొదటి ఇద్దరూ వీళ్ళే అయ్యారు.

ఇంకేముంది, హాలెండులో నెల్లాళ్ళ పూలసాగు శిక్షణకి కాలేజీ తరఫున రెండు సీట్లొస్తే రెండూ వీళ్ళకే వచ్చాయి.

పంతులమ్మ అరుంధతి మేడం ఇద్దర్నీ పిలిచి కూచోబెట్టింది. "సోమవారం పొద్దున్న తొమ్మిదింటికల్లా అక్కడి రిజిస్టర్లో సంతకాలు పెట్టాలి. ఒక్క నిమిషం దాటినా మీ సీట్లు వెనకాల కాచుక్కూచున్న వాళ్ళకి పోతాయి. అర్థమైందా?"

"అర్థమైంది మేడం," అంది సుభాషిణి. "తొమ్మిదీ ఒక నిమిషానికి సీట్లు పోవాలి."

"పోవాలని కాదే తల్లీ! పోకుండా ముందే చేరాలని!"

"అలా చెప్పండి మరి," అంది సుభాషిణి, మేడం తెలివికి లోలోపల జాలిపడుతూ.

వెళ్ళే ముందు మేడం దగ్గరికొచ్చింది. ఇద్దరి తలల మీదా చేతులేసి అంది, "చోటు మారుతున్నామని బెంగ పెట్టుకోకండమ్మా. మీరిద్దరూ మన కడియం నారుమొక్కలు. కొత్త నేలలో మొదటి వారం వాడిపోవడం మామూలే. వేరుకి మన మట్టి అంటిపెట్టుకుని ఉన్నంతకాలం మీరెక్కడైనా బతుకుతారు."

చెప్పి కళ్ళు తుడుచుకుంది. అసలు ఏడుపు ముందుందని ఆవిడకప్పుడు తెలీదు.

ఈ కబురు గోడ దాటి పాపాయమ్మ చెవిన పడింది. ఆవిడ గోడ మీద మోచేతులు ఆనించి నవ్వింది. "ఏమే సుభా, హాలెండా? రాజమండ్రి వంతెన దాటితేనే కళ్ళు తిరుగుతాయే నీకు! రెండో రోజుకి ఏడుస్తూ వచ్చి మీ అమ్మ కొంగు పట్టుకోకపోతే నన్నడుగు."

సుభాషిణికి రోషం పొడుచుకొచ్చింది. "పాపాయమ్మత్తా, నెలా పూర్తి చేసి, వాళ్ళిచ్చిన సర్టిఫికెట్ చేత్తో పట్టుకుని గాని ఈ గడప తొక్కను. తొక్కితే నన్ను పేరు పెట్టి పిలవకు."

అనేసింది. గుమ్మళ్ళవారి పిల్ల అంటే అన్నట్టే. పిల్ల ఎక్కడో తూలిపడుతుందేమోనని ఇంటిల్లిపాదికీ లోపల గుబులే, అంచేత తలా ఒక జాగ్రత్త చెప్పారు.

అనసూయ అంది, "విమానంలో పక్క సీటు వాళ్ళతో మాట్లాడకు. ఎలాంటివాళ్ళో ఏమిటో."

సూరాయమ్మ అంది, "బయల్దేరేటప్పుడు ఎవరైనా ‘ఎక్కడికి’ అన్నారో, అంతే, తలపెట్టిన పని చెడ్డట్టే. అన్నవెంటనే బయల్దేరిన చోటికి వెనక్కి పో. కూచో. కాసిని మంచినీళ్ళు తాగు. మళ్ళీ బయల్దేరు. ఎన్నిసార్లంటే అన్నిసార్లు. విన్నావా?"

"విన్నాను మామ్మా."

వీర్రాఘవులు మాటలేం చెప్పలేదు. పనిలోకి దిగాడు. "మేడం గారు చదువుకున్నావిడ. మట్టిగడ్డ లేకుండా మొక్కని బండెక్కిస్తే ఏమవుతుందో ఆవిడకే తెలిస్తే, ముప్ఫయ్యేళ్ళుగా ఇదే పని చేస్తున్నవాణ్ణి, నాకు తెలీదూ?" అని నాలుగు పెద్ద నల్ల కవర్లు తెచ్చాడు, మొక్కలు పెంచే కవర్లు. ఎర్రమట్టి, పశువుల గత్తం, కొబ్బరిపొట్టు పాళంగా కలిపి నింపాడు. సుభాషిణి రెండు కాళ్ళూ రెండు కవర్లలో పెట్టించి, మట్టి కూరి, మోకాళ్ళ దగ్గర గోనెతాడుతో బిగించాడు. నీళ్ళు నిలవకుండా అడుగున చిల్లులు పొడిచాడు.

"కొబ్బరిమొక్కలకి కూడా ఇంత శ్రద్ధ తీసుకోలేదమ్మా," అన్నాడు తాడుకి ఇంకో ముడి వేస్తూ.

మిగిలిన రెండు కవర్లూ కాత్యాయనికి. ఆ పిల్ల ముందు ఒప్పుకోలేదు. "రాసుందా?" అంది. సుభాషిణి మేడం మాటలు కాగితం మీద రాసి చూపించింది. కాత్యాయని రెండుసార్లు చదివి కాళ్ళు చాపింది.

శనివారం మధ్యాహ్నం ఇద్దరూ దబ్బు దబ్బుమని అడుగులేస్తూ గేటు దాటారు. గోడ మీద పాపాయమ్మ తయారుగా ఉంది.

"ఎక్కడికే సుభా?"

అంతే. ఇద్దరూ వెనక్కి. కూచున్నారు, నీళ్ళు తాగారు, మళ్ళీ బయల్దేరారు.

"చెప్పవేం? ఎక్కడికి?"

మళ్ళీ వెనక్కి. ఆరుసార్లయ్యేసరికి మధ్యాహ్నం రైలు పోయింది. పన్నెండుసార్లయ్యేసరికి సాయంత్రం రైలూ పోయింది. కుండలో నీళ్ళు అయిపోయాయి. సుభాషిణి కళ్ళలో మాత్రం ఊరుతున్నాయి. సోమవారం తొమ్మిది అక్కడ కూచుంది, తనిక్కడ కూచుంది. మధ్యలో ఓ పాపాయమ్మ!

వీర్రాఘవులు ఆలోచించాడు. ఆయన ఆలోచిస్తే ఇంట్లో ఎవరూ గట్టిగా ఊపిరి తీయరు. "మొక్కలు రైలెక్కడమేమిటి, మన బుద్ధి గడ్డి తిన్నట్టుంది!" అన్నాడు. హైదరాబాదుకి మొక్కల లోడు వేసుకుని లారీ ఒకటి నర్సరీ వెనకవైపు సిద్ధంగా ఉంది. ఇద్దర్నీ అందులో కొబ్బరిమొక్కలకీ క్రోటన్లకీ మధ్య నిలబెట్టి, ఒరిగిపోకుండా వెదురుకర్రలకి కట్టి, నెత్తిన నాలుగు చెంబులు నీళ్ళు పోశాడు. లారీ పాపాయమ్మ ముందునుంచే పోయింది. మొక్కల్ని ఎక్కడికని ఎవరడుగుతారు?

మర్నాడు విమానాశ్రయంలో టిక్కెట్లు చూసే బల్ల దగ్గర ఓ చక్కటి అమ్మాయి చిరునవ్వు నవ్వింది.

"ఎక్కడికి మేడం?"

సుభాషిణి కాత్యాయని వంక చూసింది. కాత్యాయని సుభాషిణి వంక చూసింది. ఇద్దరూ పెట్టెలు తోసుకుంటూ, మట్టి రాలుస్తూ, ద్వారం దగ్గర కుర్చీల్లోకి వెళ్ళి కూచున్నారు. నీళ్ళు తాగారు. మళ్ళీ వరసలో నిలబడ్డారు.

"చెప్పలేదు మేడం, ఎక్కడికి?"

వెనక్కి. పక్క బల్లకి వెళ్ళారు. అక్కడి కుర్రాడూ అదే మాట. అతను ముందు తెలుగులో అడిగి, తర్వాత ఇంగ్లీషులో అడిగి, తర్వాత హిందీలో అడిగాడు. "మూడు భాషల్లో అడిగాడే, మూడుసార్లు తాగాలి," అంది సుభాషిణి. తాగారు. పొట్టలు డప్పుల్లా అయ్యాయి.

"ఇంకో పావుగంటలో మూసేస్తాం," అని ఎవరో అరుస్తున్నారు. సుభాషిణి బావురుమంది. "నా సీటు పోయిందే కాత్యా! పాపాయమ్మత్త మాటే నెగ్గిందే!"

వాళ్ళ వెనక వరసలో ఓ ముసలావిడ ఉంది. కాకినాడ మనిషి, పంచదార చిలకంత ముద్దుగా ఉంది గాని నోరు మాత్రం చింతబరికె. విషయమంతా విని, బల్ల వెనక అమ్మాయి మీద ఎగిరింది. "ఏమ్మా, పద్ధతి తెలీదా? బయల్దేరే ఆడపిల్లల్ని ‘ఎక్కడికి’ అంటారా ఎవరైనా? ‘ఎందాకా’ అని అడుగు!"

బల్ల వెనక అమ్మాయి ఏడుపూ నవ్వూ కలిసిన మొహంతో అడిగింది. "ఎందాకా అండీ?"

"హాలెండు దాకా!" అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో.

సోదా చేసేచోట కవర్లు విప్పించారు. మట్టిని యంత్రంలోంచి పంపించి, అందులో గత్తం తప్ప ఏమీ లేదని తేల్చి, ముక్కులు మూసుకుని వదిలిపెట్టారు. ఇద్దరూ మళ్ళీ కాళ్ళు నాటుకుని విమానమెక్కారు.

ఎక్కాక సుభాషిణి ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. పక్క సీటు వాళ్ళతో మాట్లాడకు అంది కదా అమ్మ? పక్క సీట్లో కాత్యాయని. పాపం కాత్యాయని, "ఏమైందే? నామీద కోపమా?" అని గంటసేపు బతిమాలింది. సుభాషిణి కిటికీలోకి మొహం తిప్పుకుంది, బుగ్గల మీద కన్నీళ్ళు కారుతున్నా సరే. ఆఖరికి కాత్యాయని ఓ కాగితం మీద రాసి అందించింది, "ఎందుకు మాట్లాడవు?" అని. సుభాషిణి దాని కిందే రాసింది, "నువ్వు పక్క సీటు మనిషివి. ఎలాంటిదానివో ఏమిటో." రాతమీద గురి గలది కాబట్టి కాత్యాయని అది చదివి, తను ఎలాంటిదో తనకే తెలీడం లేదని దిగులుపడింది.

ఆ దిగుల్లో ముందు సీటు జేబులోంచి ఓ కార్డు తీసి చదివింది. అందులో ఓ మనిషి బొమ్మ, తల మోకాళ్ళకి ఆనించి, చేతులు నెత్తిన పెట్టుకుని. కాత్యాయని అలాగే వంగింది. ఎంతసేపు వంగాలో కార్డులో రాసి లేదు. అంచేత దిగేదాకా వంగే ఉంది. ఆ పిల్లని చూసి వెనక వరసవాళ్ళు వంగారు. వాళ్ళని చూసి వాళ్ళ వెనకవాళ్ళు. కాసేపటికి చూసేసరికి సగం విమానం తలలు మోకాళ్ళ మీద పెట్టుకుని, నోటికొచ్చిన దేవుణ్ణల్లా తలుచుకుంటోంది. "ఏమీ కాలేదండీ, లేవండి!" అని విమానపు అమ్మాయిలు గొంతులు చించుకున్నారు. ఒక్కరు లేస్తే ఒట్టు.

సోమవారం తెల్లవారి దిగారు. నడవాలో ఓ బోర్డు, "మొక్కలు, మట్టి వెంట తెచ్చినవారు ఈ దారిన రావలెను" అని. కాత్యాయని చూసిందా, ఇంకేముంది. అందరూ ఆకుపచ్చ దారిన పోతుంటే వీళ్ళిద్దరూ ఎర్రదారిన దబ్బు దబ్బుమంటూ వెళ్ళారు. బల్ల వెనక ఆరడుగుల అధికారి లేచి నిలబడ్డాడు.

"మొక్కలు తెచ్చారా?"

"తెచ్చామండీ. రెండు."

"ఎక్కడున్నాయి?"

"మేమే."

అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. మొక్కలు అలాగే ఉన్నాయి. కింద కవర్లు చూశాడు. తొంభై ఏడు రకాల మొక్కల జబ్బుల పేర్లు గోడ మీద రాసుంటే వేలితో చూపించాడు. బయటి మట్టి ఒక్క చిటికెడు కూడా లోపలికి రాకూడదన్నాడు. కవర్లు విప్పించి, కాళ్ళు కడిగించి, కడియం మట్టంతా మూటగట్టి తీసుకుపోయాడు.

సుభాషిణి తెల్లటి తన పాదాల వంక చూసుకుంది. నర్సరీలో పుట్టిన పిల్ల. మట్టి ఊడిన మొక్క సంగతి ఆ పిల్లకి చెప్పాలా? "కాత్యా! వేరు బయటపడిపోయిందే! వెంటనే నేలలో పెట్టకపోతే మధ్యాహ్నానికి తలలు వేలాడేస్తాం!"

"నాకప్పుడే వాడినట్టుంది," అంది కాత్యాయని. వాడదూ మరి? పధ్నాలుగు గంటలు వంగి కూచుంటే!

పరుగు పరుగున రైలెక్కి శిక్షణ కేంద్రం గేటు ముందు దిగేసరికి తొమ్మిదికి పావుగంట తక్కువ. ఎదురుగా పచ్చటి గడ్డి మైదానం. అవతల పెద్ద అద్దాల కట్టడం. లోపల బల్ల మీద తెరిచి పెట్టిన రిజిస్టరు ఇక్కడికే కనపడుతోంది. చేరిపోయాం! ఇంక వంద అడుగులు!

"ఆగు," అంది కాత్యాయని. గడ్డిలో చిన్న పలక గుచ్చి ఉంది. "దయచేసి గడ్డి మీద నడవకండి."

పక్కన కాలిబాట ఉంది. శుభ్రంగా, వెడల్పుగా, ఇటుకలు పరిచి ఉంది. అందులో నడవండి అని మాత్రం ఎక్కడా రాసి లేదు. రాయనిది కాత్యాయని చెయ్యదు.

"నడవొద్దన్నారు. పొర్లొద్దనలేదుగా?" అంది సుభాషిణి.

అంతే. మామ్మ కొండమీద మొక్కు తీర్చినట్టు ఇద్దరూ చేతులు నెత్తిమీద జోడించి గడ్డిమీద పొర్లుకుంటూ బయల్దేరారు. పెట్టెలు గేటు దగ్గర. అద్దాల వెనక పది దేశాల పిల్లలు బారులు తీరి నోళ్ళు తెరిచారు. పొర్లి పొర్లి, కళ్ళు తిరిగి, అటు చివరన దున్ని తయారుగా ఉంచిన పూలమడిలో దబ్బున పడ్డారు.

మెత్తటి, నల్లటి, తడి మట్టి.

సుభాషిణి ప్రాణం లేచొచ్చింది. వేరు మీద మట్టి పడాలన్న మాట తప్ప ఇంకేం గుర్తులేదు. రెండు చేతులా తవ్వింది. కాళ్ళు దింపింది. మోకాళ్ళ దాకా మట్టి కప్పింది. చుట్టూ చేతుల్తో అదిమి గట్టిపరిచింది. సీసాలోంచి నీళ్ళు పోసింది. కాత్యాయనినీ నాటింది. "అమ్మయ్య!" అంది.

అన్నాక తల ఎత్తి అద్దాల్లోంచి గడియారం చూసింది. తొమ్మిదికి అయిదు నిమిషాలు.

"సంతకం!"

బల్ల ఇరవై అడుగుల దూరంలో ఉంది. కాని నాటిన మొక్కని వారం దాకా కదపకూడదు. నాన్న కొత్తగా నాటిన ప్రతి మొక్క ముందూ చెప్పే మాట అది. కదిపితే చావు, కదలకపోతే సీటు పోతుంది. ఈ చిక్కు గుమ్మళ్ళవారి వంశంలో ఎవరికీ ఎదురవలేదు. సుభాషిణి మట్టిలో నిలబడి ఏడ్చింది. పాపాయమ్మ గోడ మీంచి నవ్వుతున్నట్టే ఉంది.

ఆ కేంద్రానికి పెద్ద మార్గ్రీట్ అనే ఆవిడ. నెరిసిన జుట్టు, రబ్బరు బూట్లు, చేతిలో కత్తెర. గబగబా బయటికొచ్చింది.

"ఎవరు మీరు? నా మడిలో ఏం చేస్తున్నారు?"

సుభాషిణి వెక్కుతూ చెప్పింది. "కడియం నారుమొక్కలమండీ. మీ దొరగారు మట్టి లాగేసుకున్నారు. ఇప్పుడే నాటుకున్నాం. వారం దాకా కదలకూడదు. తమరు కాస్త ఆ రిజిస్టరు ఇక్కడికి తెప్పిస్తే..."

మార్గ్రీట్ వాళ్ళ మోకాళ్ళ చుట్టూ మట్టి చూసింది. వంగి వేలితో నొక్కింది. నొక్కుడు సరిగ్గానే ఉంది. తడి సరిపడా ఉంది. "నలభయ్యేళ్ళుగా మొక్కలతో మాట్లాడుతున్నాను," అంది మెల్లిగా. "ఒక్కటీ ఇవాళ్టిదాకా జవాబివ్వలేదు." గిర్రున తిరిగి లోపలికెళ్ళి రిజిస్టరు పట్టుకొచ్చింది. తొమ్మిదికి ఒక్క నిమిషం ఉండగా రెండు సంతకాలూ పడ్డాయి, మట్టిచేతి ముద్రలతో సహా.

సీట్లు దక్కాయి. ఇప్పుడు మొక్కల్ని క్లాసులోకి తేవడం ఎలా? మార్గ్రీట్ బతిమాలింది, కసిరింది, ఆఖరికి కడియం ఫోను చేసింది. అరుంధతి మేడం కథంతా విని, ఇందాక చెప్పానే, ఆ ఏడుపు ఏడ్చింది. ఏడ్చి, ముక్కు చీది, సుభాషిణికి ఫోనిమ్మంది.

"ఒసే తెలివితక్కువదానా, బయటికి రా!"

"మొక్క తనంతట తను ఎలా వస్తుంది మేడం?"

పిల్లల భాషలోనే మాట్లాడాలని మేడంకి ఇన్నేళ్ళకి తెలిసొచ్చింది. "సరే. నాటిన చోటు తప్పయితే మీ నాన్న ఏం చేస్తాడే?"

"మట్టిగడ్డతో తీసి కుండీలో పెడతాడు."

"అయితే కుండీలో పెట్టించుకోండి!"

ఇంకేముంది. రెండు పెద్ద కుండీలొచ్చాయి. ఇద్దర్నీ మట్టిగడ్డతో పెకలించి, కుండీల్లో దింపి, తోపుడుబండి మీద క్లాసుకి తీసుకెళ్ళారు. వారమంతా కుండీల్లోనే పాఠం. పది దేశాల పిల్లలు వంతులేసుకుని నీళ్ళు పోశారు. ఎనిమిదో రోజున సుభాషిణి కాలు కదిపి చూసుకుని, "వేరు పట్టింది!" అని ప్రకటించి బయటికి దిగింది. తర్వాత మూడు వారాలూ పూలమొక్కల గడ్డల్ని పేర్చడం, చీల్చడం, పూలు కోసే వేళ తెలుసుకోవడం, చెప్పింది చెప్పినట్టు నేర్చుకుంది. ఆ పని విషయంలో అక్షరం తప్పని బుద్ధి బాగా అక్కరకొచ్చింది. చివరి రోజున ఇద్దరికీ సర్టిఫికెట్లిచ్చి మార్గ్రీట్ ముద్దు పెట్టుకుంది. "మళ్ళీ రండి," అంది.

"తప్పకుండా," అంది సుభాషిణి. ఆ మాట ఎంత త్వరగా పనికొస్తుందో అప్పుడు తెలీదు.

తిరుగు దారిలో ఎవ్వరూ ‘ఎక్కడికి’ అనకుండా కాత్యాయని రెండు అట్టలు రాసి మెడల్లో వేయించింది, "ఎందాకా అని మాత్రమే అడగవలెను" అని. చదివినవాళ్ళంతా అలాగే అడిగారు. రాజమండ్రిలో దిగి కారెక్కారు. డ్రైవరు పేరు సింహాచలం, నెమ్మదస్తుడు. అట్ట చదివి, "ఎందాకండీ?" అన్నాడు. "కడియం దాకా!" కారు సాఫీగా వచ్చి గుమ్మళ్ళవారి గేటు ముందు ఆగింది.

గడప పది అడుగులు. నెలకి ఒక్క రోజు తక్కువ కాలేదు. చేతిలో సర్టిఫికెట్. గేటులో అనసూయ హారతి పళ్ళెంతో, సూరాయమ్మ ఎర్రనీళ్ళతో నిలబడ్డారు. వీర్రాఘవులు చేతిలో దండ ఉంది. పూలు కోయరాదు కాబట్టి క్రోటన్ ఆకుల దండ.

సుభాషిణి కారు తలుపు తీసి కాలు బయట పెట్టబోయింది. గోడ మీద పాపాయమ్మ. మొహాన నవ్వే లేదు, ఆశ్చర్యమే. కళ్ళజోడు లోపల మర్చిపోయింది, అట్ట కనపడలేదు. మనసులో కుళ్ళు కూడా లేదు పాపం, నోటి అలవాటు.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! ఇన్నేసి పెట్టెలతో ఎక్కడికే సుభా?"

కాలు గాల్లోనే ఆగిపోయింది.

కాలు మెల్లిగా కారులోకి తిరిగి వెళ్ళిపోయింది. గేటులో సూరాయమ్మ తల ఊపింది. "శభాష్. నా మనవరాలనిపించింది."

"మనం ఎక్కణ్ణుంచి బయల్దేరామే?" అంది సుభాషిణి.

"హాలెండు నుంచి," అంది కాత్యాయని.

"అయితే అక్కడికే వెళ్ళి, కూచుని, కాసిని నీళ్ళు తాగి రావాలి. వెనక్కి పోనీ బాబూ, విమానాశ్రయానికి."

సింహాచలం వెనక్కి తిరిగి చూశాడు. "ఇప్పుడేగా వచ్చాం! మళ్ళీ ఎక్కడికమ్మా?"

ఇంకేముంది. హాలెండుకి బయల్దేరింది ఈ కారులోంచి, కాబట్టి ఈ కారులోనే వెనక్కి కూచోవాలి. కూచున్నారు. అనసూయ నీళ్ళు తెచ్చింది. తాగారు. "ఇప్పుడు పోనీ బాబూ."

"అదే అడుగుతున్నానమ్మా, ఎక్కడికి?"

నీళ్ళు.

అలా పదకొండు గ్లాసులయ్యాయి. ఇంటికి రావాలంటే వెనక్కి వెళ్ళాలి, వెనక్కి వెళ్ళాలంటే కదలాలి, కదుల్దామంటే ఈ సింహాచలం నోరు ఊరుకోదు. వీర్రాఘవులు పిల్లకి నీడైనా పడుతుందని కారు మీద పచ్చ వల కప్పుదామని గోదాం వైపు అడుగేశాడు.

"నన్నిలా వదిలేసి తమరెక్కడికండీ?" అని సింహాచలం గోలపెట్టాడు.

వీర్రాఘవులు ఠక్కున ఆగి, వెనక్కొచ్చి, కారెక్కి కూచుని గ్లాసు అందుకున్నాడు. అన్నం తెద్దామని అనసూయ కదిలింది. ఆవిడనీ అడిగాడు. ఆవిడా ఎక్కింది. సూరాయమ్మని అడగాల్సిన పని కూడా లేకపోయింది. ఎలాగూ అడుగుతాడని ముందే ఎక్కేసింది. కారు నిండా గుమ్మళ్ళవారు, ఒకరి ఒళ్ళో ఒకరు. హారతి ఆరిపోయింది.

"చూశావా పాపాయమ్మా," అన్నాడు వీర్రాఘవులు కిటికీలోంచి మీసం బయట పెట్టి. "మా వంశంలో మాట తప్పినవాడు ఒక్కడైనా ఉన్నాడా?"

పాపాయమ్మ జన్మలో మొదటిసారి రెండు చేతులతో నోరు మూసుకుంది.

సింహాచలం ఇక ఓర్చుకోలేకపోయాడు. తాళాలు అక్కడే పారేసి, కారు దిగి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, బస్టాండు వైపు నడక సాగించాడు. నాలుగడుగులు వేశాడో లేదో, కారులోంచి అయిదు గొంతులు ఒక్కసారిగా లేచాయి.

"బాబూ! ఎక్కడికి?"

సింహాచలం ఆగాడు. ఓ క్షణం ఆకాశంలోకి చూశాడు. తర్వాత గిర్రున వెనక్కి తిరిగి వచ్చి, కారెక్కి కూచుని, గ్లాసు కోసం చెయ్యి చాపాడు.